ఆసు మీద ఇంగ్లీషు అక్షరాలు

మా స్టాఫ్ రూములో ఇప్పుడు అందరికీ ఒకటే పిచ్చి. పొద్దున్నే ఫోనులో ఒక ఆట వస్తుంది. గుండ్రంగా కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, వాటి నడుమ ఇంకో అక్షరం. ఆ నడిమి అక్షరం తప్పకుండా ఉండేటట్టు ఎన్ని మాటలు కూర్చగలిగితే అన్ని కూర్చాలి. అమ్రాబాద్ దిక్కు అడవి అంచున ఉండే హాస్టల్ బడి మాది. ఫోనుకు సిగ్నల్ నీళ్ల ట్యాంకు దగ్గర తప్ప దొరకదు. కాబట్టి ప్రార్థన బెల్లుకు ముందు లెక్కల సారు, సైన్సు మేడమ్, ఆటల సారు అందరూ ఆ ట్యాంకు కింద మెడలు వంచి నిలబడి ఉంటారు. ఇంగ్లీషు చెప్పేదాన్ని నేను, నేనొక్కదాన్నే ఆడను. ఓడిపోతే ఇజ్జత్ పోతదని మేడమ్‌కు భయం అని లెక్కల సారు ఎగతాళి చేస్తాడు. అవునంటాను. ఎదుటి మనిషి నోరు మూయించడానికి అవుననడం కంటే సులువైన ఉపాయం నాకు తెలియదు.

నిజానికి ఆ ఆట వాళ్లందరికంటే ముందు నాకే తెలుసు. ఫోనులో కాదు, మా ఇంట్లో, పట్టుపోగు చుట్టే ఆసు మీద. నాతో ఆడిన మనిషి మా మేనత్త భాగ్య, బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు. ఈ ఎండకాలం ఆమె పోయింది. పదకొండో రోజు అయ్యాక మగ్గం అర్ర కడుగుతుంటే అమ్మ అటుక మీద నుంచి పాత ఆసు చెక్కను దించింది. పక్కింటివాళ్లు పొయ్యిలోకి అడిగారు. అమ్మ ఇస్తానంది, నేను వద్దన్నాను. నాకింకా ముప్పై నిండలేదు, జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని నాకూ తెలుసు. కాని ముసలితనం వచ్చేదాకా ఆగితే ఇందులో కొన్ని సంగతులు మెత్తబడిపోతాయి. అవి మెత్తబడడం నాకు ఇష్టం లేదు.

మాది చండూరు నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. పట్టు మీద చిటికి నేసే ఇళ్లు ఒక వాడంతా ఉన్నాయి. చిటికి అంటే నేయకముందే పోగులకు అక్కడక్కడ గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచి, ఆ రంగు పోగులు మగ్గం మీద పువ్వులుగా, ఏనుగులుగా కలిసేటట్టు నేయడం. మా ఇంట్లో తెల్లారిందంటే రంగు ఉడుకుతున్న వాసన. ఆ ఘాటుకు మొదట కళ్లు మండుతాయి, తర్వాత అలవాటై ఆకలేస్తుంది. ఇప్పటికీ ఎక్కడైనా తడి పట్టు వాసన తగిలితే నాకు అన్నం గుర్తుకొస్తుంది. వాకిట్లో దండెం మీద ఎర్ర పోగులు ఆరుతుంటే వాటి కింద నుంచి వంగి బడికి పోవాలి. తల తగిలితే అవ్వ అరుస్తుంది. అవ్వ అంటే బాపును కన్నతల్లి, పొద్దంతా ముక్కుపొడి పీలుస్తూ కండెలు చుట్టేది. రాష్ట్రం వచ్చిన కొత్త అది. ఇంటింటికీ నల్లా నీళ్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. అంతకు ముందు తాగిన ఫ్లోరైడు బోరు నీళ్లు అవ్వ మోకాళ్లలోనే ఉండిపోయాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు.

బాపు తక్కువ మాటల మనిషి, ఆ తక్కువ మాటలు కూడా అడ్డం తిప్పి చెప్పేవాడు. కూరలో ఉప్పెక్కువైతే ఇయ్యాల నీళ్లు బాగ తాగుతున్న అనేవాడు. నాకు మార్కులు తగ్గితే ఈ నెల కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందనేవాడు. చదవడానికి లైటు వేసుకుని కూర్చున్నది ఉత్తదే అయిందని దాని అర్థం. అమ్మకు ఇది అలవాటే. నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. అత్తకు మాత్రం అన్న నోరు తెరవకముందే తెలిసిపోయేది. ఆయన కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలో నుంచి ఒక చూపు చూస్తే ఈమె లేచి నీళ్లచెంబు అందించేది. అన్న మనసులో ఏముందో కనిపెట్టి నడుచుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ పని.

ఆసు సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. మనిషి పొడవు చెక్క. ఒక కొసకు ఒంటరిగా ఒక మేకు, రెండో కొసకు నెలవంకలాగా మేకుల వరుస. పట్టుపోగును ఒంటి మేకుకు చుట్టి, వరుసలో ఒక మేకు దాకా తీసుకుపోయి, మళ్లీ ఒంటి మేకు దగ్గరికి తేవాలి. ఒక్కో మేకుకు ఇన్ని చుట్లని లెక్క ఉంటుంది, అవి అయ్యాక పక్క మేకు. ఆసు పోయడమంటే ఇదే. ఒక చీరకు సరిపడా పోగు పోయాలంటే పొద్దున కూర్చున్న మనిషికి అన్నం వేళ దాటుతుంది. అంతసేపూ ఆ చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఇది ఆడవాళ్ల పని. మొదలుపెట్టిన ఆసును ఇంకో చెయ్యి ముట్టకూడదు, నడుమ లేవకూడదు. ఇది మడి కాదు, ఆచారం కాదు, పని అడిగే పద్ధతి. ఒకరి చేతి బిగువు ఇంకొకరికి రాదు. సగం బిగువు సగం వదులైతే కట్లు కట్టేటప్పుడు బొమ్మ జారిపోతుంది. అందుకే పోగు పట్టిన మనిషిని మా వాడలో ఎవరూ లేపరు. చుట్టాలొచ్చినా సరే, వాకిట్లో కూర్చుని నీళ్లు తాగి ఎదురుచూస్తారు.

అమ్మకు నేను పుట్టినప్పటి నుంచీ కుడి భుజం సరిగ్గా లేవదు. ఆమె కట్లు కట్టేది. ఆసు మాత్రం అత్తదే. అత్త మొగుడు భివండీలో పవర్‌లూమ్ పనికి పోయి అక్కడే జ్వరం వచ్చి చచ్చిపోయాడు. పిల్లల్లేరు. ఒక సంచీతో ఇంటికి వచ్చిన మరుసటి రోజే ఆసు ముందు కూర్చుందట. ఆమెను కూర్చోమని ఎవరూ చెప్పలేదని అమ్మ అనేది. అప్పటి నుంచి బాపు మగ్గం ఆడాలంటే అత్త చెయ్యి ఆడాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అత్తకు ఒక కోరిక ఉండేది. ఊళ్లో అంగన్‌వాడీ టీచరు ముసలిదైంది, ఆమె దిగిపోతే ఆ పోస్టు పడుతుంది. దానికి పదో తరగతి పాసై ఉండాలి, వయసు ముప్పై అయిదు దాటకూడదు, ఆ ఊరి మనిషే అయి ఉండాలి. మొగుడు పోయినవాళ్లకు ముందు చూస్తారని కూడా అనుకునేవాళ్లు. అత్త తొమ్మిదితో ఆపేసిన మనిషి. ఇంటికొచ్చాక ఓపెన్ టెన్త్ కట్టి ఒక్కొక్క పేపరే గట్టెక్కింది. లెక్కలు పాసు, తెలుగు పాసు, సోషల్ పాసు. ఇంగ్లీషు రెండుసార్లు పోయింది. ఇంకొక్క పరీక్షకే వయసు మిగిలింది. ఈసారి పోతే ఆ తర్వాత పాసైనా ఫెయిలైనా ఒకటే. పిల్లలకు కుర్చీలో కూర్చుని పాట చెప్పే కొలువు అది. నిజానికి ఆమెకు కొలువు మీద కంటే పిల్లల మీద ఆశ అని నాకు ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు కుర్చీ మీదనే అనుకున్నాను. ఎందుకంటే ఆసు ముందు మనిషి కింద కూర్చుంటుంది.

ఆట మిర్చి బజ్జీల పొట్లంలో వచ్చింది. బస్టాండు హోటల్ నుంచి బజ్జీలు చుట్టుకొచ్చిన పేపరును విప్పి చూస్తే పిల్లల పేజీ. నూనె మరకల నడుమ ఒక చక్రం, అందులో అక్షరాలు. నేను తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం, నాకు అది కొత్త కాదు. అత్తకు చెప్పాను, నడిమి అక్షరం లేని మాట చెల్లదని. అత్త బజ్జీ తినడం ఆపేసి ఆ కాగితం వైపు, ఆసు వైపు మార్చి మార్చి చూసింది. గుండ్రటి వరుస, ఒంటరిగా ఒకటి, ఎటు పోయినా ఆ ఒక్కటి ముట్టి రావాలి. "ఇది నేను రోజు చేసే పనే గదనే కోడలా" అంది. అత్తలు మేనకోడళ్లను కోడలా అనే పిలుస్తారు మా దిక్కు. ఆమెకు కొడుకు లేకపోయినా నేను కోడలినే.

మరుసటి రోజు నా సంచిలో నుంచి సుద్దముక్క తీసుకుని వరుస మేకుల పక్కన చెక్క మీద ఒక్కో అక్షరం రాసింది. ఒంటి మేకు పక్కన ఆనాటి ముఖ్యమైన అక్షరం. పోగు ఆ మేకు దాకా పోయేటప్పటికి ఈ రెండక్షరాలూ ఉన్న మాట ఒకటి చెప్పాలి. చెప్పలేకపోతే ఓడినట్టు. పుట్నాలు పందెం. బడి నుంచి రాగానే నేను సంచి పడేసి ఎదురుగా కూర్చునేదాన్ని. ఆమె చెయ్యి ఆగేది కాదు, నోరు ఆగేది కాదు. మొదట్లో వాటర్, రైస్, రోడ్ లాంటివి. రెండు నెలలు తిరిగేసరికి నేను తడుముకునే మాటలు ఆమె చెప్పేది. ఎక్కడివి ఈ మాటలని అడిగితే షాంపూ పాకెట్ల వెనుకవి, యూరియా బస్తా మీదివి, బస్సు అద్దాల మీదివి, అవ్వ గోలీల అట్ట మీదివి అనేది. గోలీల పేర్లు చెల్లవని నేను, అవి మింగితే అవ్వ నొప్పి తగ్గుతున్నది గదా ఎందుకు చెల్లవని ఆమె, రోజూ కొట్లాట. పలకని అక్షరాలంటే ఆమెకు ఒళ్లు మంట. నైఫ్ అనే మాటకు ముందు కే ఎందుకని అడిగి, నేను చెప్పలేకపోతే, అది పని చెయ్యకుండ కూలి వట్టే మనిషి అని తేల్చేసింది. అవ్వకు ఏ బి సి డి కూడా రావు. అయినా పంచాయితీ అవ్వదే. మా ఇద్దరి మొహాలు చూసి ఎవరు తడబడ్డారో చెప్పేది, తీర్పు చెప్పినందుకు ఇద్దరి దగ్గరా పుట్నాలు తీసుకునేది. ఆమె తీర్పు ఒక్కసారి కూడా తప్పలేదు.

బాపు గుంటలో నుంచి వింటున్నాడో లేదో తెలిసేది కాదు. ఒకరోజు ఒంటి మేకు మీద ఎల్ ఉంది. అత్త ఎస్ మేకు దగ్గరకు వచ్చి తడబడింది, మాట దొరకలేదు. నేను గెలిచానని చెయ్యి చాపబోతుంటే గుంటలో నుంచి, "సిల్క్" అని వినిపించింది. మేం ముగ్గురం గుంట వైపు తిరిగాం. పట్టుపోగు కట్టలుగా చుట్టి వచ్చే లడీల మీద అంటించిన కాగితం చూసి చూసి ఆయనకు ఆ మాట వచ్చేసింది. అత్త ఎంత నవ్విందంటే లెక్క ఎక్కడ తప్పుతుందోనని రెండో చేత్తో నోరు మూసుకుంది. అన్న తన దిక్కు నిలబడ్డాడని ఆమె వాడంతా చెప్పుకుంది. ఆ నెలంతా మా ఇంట్లో అన్నం రుచిగా ఉండేది. నాకు గుర్తున్న చిన్నతనంలో ఆ నెల కంటే మంచి నెల లేదు.

తప్పు ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. ఆసులో జరిగిన తప్పు ఆసులో కనిపించదు. ఆ పోగు ఆసు నుంచి దిగి, కట్లు కట్టించుకుని, రంగుల్లో మునిగి, ఆరి, కండెలకు ఎక్కి, చివరికి మగ్గం మీద గుడ్డ అయితే తప్ప బయటపడదు. ఏనుగుల చీర అది, మాకు పట్టు ఇచ్చి నేయించుకునే సేటు ఎవరిదో పెళ్లికి అడిగి చేయించుకుంటున్నది. ఒక మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. చాలాసేపు మళ్లీ మొదలు కాలేదు. మేం పోయి చూస్తే బాపు నేసిన గుడ్డను వేలితో తడుముతున్నాడు. ఏనుగు నిండుగానే ఉంది, తొండం మాత్రం దానికి అందకుండా కొంచెం పక్కకు జరిగింది. ఒక మేకుకు చుట్టు ఎక్కువ పడింది, పక్కదానికి తక్కువ పడింది. అంచు వెంట ఉన్న ఏనుగులన్నీ అట్లాగే ఉన్నాయి. అత్త గుంట పక్కన కూర్చుని ఒక్కొక్క ఏనుగునూ చూసింది. ఆమె చేతిలో ఇట్లాంటి తప్పు అంతకు ముందు జరగలేదు.

తిడితే బాగుండేది. మా వాడలో మిగతా ఇళ్లలో అయితే ఇంటి కప్పు ఎగిరిపోయేది. బాపు చెమట తుడుచుకుని, "సుద్ద పట్టుకు అంటుతది" అన్నాడు, అంతే. అత్తకు అది చాలు. లేచి పోయి చెంగు తడుపుకొచ్చి చెక్క మీద అక్షరాలన్నీ తుడిచేసింది. సుద్ద చెక్క గరుకులో ఇరుక్కుని పోలేదు, రెండోసారి తడుపుకొచ్చింది. నేను దగ్గరికి పోతే, ఆట తోని కాదు పిల్లా, నా చెయ్యే తప్పింది అని, చదువుకో పో అంది. ఆనాటి నుంచి ఆసు దగ్గర ఇంగ్లీషు మాట వినబడలేదు. పరీక్షకు చదవడం మాత్రం ఆపలేదు. వంటింట్లో, దొడ్లో, బట్టలుతికే చోట పెదవులు కదులుతుండేవి. సేటు ఆ చీరను పక్కన పడేసి, పెళ్లివాళ్లు ఆగరు, ఇంకోటి నేసి తెమ్మన్నాడు. దానికి పట్టు వచ్చేసరికి పరీక్ష దగ్గర పడింది.

పరీక్ష సెంటరు నల్లగొండలో. ఆ పొద్దున అవ్వ పెరుగులో చక్కెర కలిపి అత్త నోట్లో పెట్టింది. అమ్మ సద్ది కట్టింది. అత్త తలకు పోసుకుని గంజి పెట్టిన చీర కట్టుకుంది. హాల్ టికెట్టు, రెండు పెన్నులు ప్లాస్టిక్ కవరులో పెట్టి గూట్లో ఉంచింది నేనే. బాపు బండి తుడిచి వాకిట్లో నిలబెట్టాడు. నేను బడికి జడలు వేసుకుంటున్నాను. రిబ్బను ముడి వేసేటప్పటికి మగ్గం అర్రలో నుంచి పోగు మేకులకు రాసుకునే సన్నటి చప్పుడు వినబడింది. మొదట నాకు అది రోజూ వినే చప్పుడే కాబట్టి ఏమీ తోచలేదు. తర్వాత రిబ్బను వదిలేసి పోయాను. గంజి చీర మడతలతో సహా అత్త ఆసు ముందు కూర్చుని ఉంది. కొత్త పట్టు ఎత్తింది.

బాపు గడపలో నిలబడ్డాడు. "ఇయ్యాల నీ పరీక్ష గదా" అన్నాడు.

"పోగు వట్టిన అన్నా."

అత్త చెయ్యి ఆపలేదు గాని తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది. అంతసేపు ఎవరి మొహంలోకీ చూసే మనిషి కాదు ఆమె. "ఇప్పుడే వట్టిన. మొదటి మేకే" అంది.

మొదటి మేకు అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇంకా ఏమీ కాలేదన్నట్టు. తెంపి పారేస్తే పోయేది మూరెడు పట్టు. అమ్మ వంటింటి నుంచి వచ్చి బాపు వైపు చూసింది. అవ్వ కండె ఆపింది. బాపు పట్టు లడీల వైపు చూశాడు, వాకిట్లో బండి వైపు చూశాడు. "ఎండ ముదురుతాంది" అని గొణిగి, బయటికి పోయి బండిని వేపచెట్టు నీడకు తోశాడు. మళ్లీ లోపలికి వచ్చి పంచె ఎగగట్టి మగ్గం గుంటలోకి దిగాడు. అత్త తల దించుకుంది. ఆమె చెయ్యి రెండో మేకుకు పోయింది. నన్ను బడికి టైమైతాంది పో అని ఆమే పంపింది. సాయంత్రం వచ్చేసరికి ఆసు అయిపోయింది, చీర మార్చుకుంది, అన్నం వండుతోంది. ఆ పరీక్ష గురించి మా ఇంట్లో ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఆ చీర మాత్రం చాలా బాగా వచ్చింది.

ఎన్నో ఏళ్లు నేను ఒకటే అనుకున్నాను, అత్త భయపడిందని. రెండుసార్లు ఫెయిలైంది, పైగా చీర చెడగొట్టింది, మూడోసారి ఇంకేం మొహం పెట్టుకుని పోతుందని. పిల్లలకు అట్లా అనుకోవడం సులువు. ఇప్పుడు నా దగ్గర చదివే ఆడపిల్లలు పరీక్ష రోజు కడుపునొప్పి అని పడుకుంటే, మీకేం తెలుసే, కూర్చోండి అని లేపి పంపుతాను. కొందరు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ. పరీక్ష రాసి ఫెయిలైనవాళ్లను చూస్తే నాకు బాధ కలగదు.

ముసలి టీచరు దిగిపోయాక అంగన్‌వాడీకి వచ్చిన కొత్త టీచరు పక్క ఊరి నుంచి కాపురానికి వచ్చిన అమ్మాయి, నా కంటే నాలుగైదేళ్లు పెద్ద. అత్త అదే అంగన్‌వాడీలో ఆయమ్మగా చేరింది. దానికి ఏడో తరగతి చాలు. పొద్దున ఇంట్లో ఆసు, తర్వాత పోయి పిల్లలకు గుడ్లు ఉడికించడం, ముక్కులు తుడవడం, చెప్పులు వరుసగా పెట్టడం. టీచరు రాని రోజు పాటలు కూడా ఆమే పాడించేదట, టీచరు వచ్చిన రోజు గోడకు ఆనుకుని కింద కూర్చునేదట. కొన్నాళ్లకు మా ఇంటికి మోటారు ఆసు వచ్చింది. మీట నొక్కితే దానంతట అదే తిరుగుతుంది, పక్కన మనిషి కునుకు తీసినా లెక్క తప్పదు. వాడలో అందరూ అత్తను చూసి నీ కష్టం తీరిందని సంబరపడ్డారు. అప్పటికే ఆమె మెడ ఒక పక్కకు వంగిపోయింది, జడ తనే వేసుకోలేకపోయేది. చేతిఆసును అటుక మీద పెట్టింది బాపే.

నేను డిగ్రీ చేశాను, బీఎడ్ చేశాను, ఇంగ్లీషు టీచరునయ్యాను. ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది అత్త. నా మొదటి జీతంతో చీర కొనిపెడతానంటే, పట్టు వద్దు, దాన్ని చూస్తె నాకు భుజం గుంజుతది అని నవ్వింది. పోయిన ఏడు కడుపులో గడ్డ అన్నారు. నల్లగొండ దవాఖాన, అక్కడి నుంచి హైదరాబాదు, మళ్లీ నల్లగొండ. సెలవులు పెట్టి కొన్నాళ్లు నేను దగ్గర ఉన్నాను. పొద్దు పోవడానికి నా ఫోనులో ఆ ఆట తెరిచి ఆమె ముందు పెట్టాను. రంగురంగుల చక్రం, నడుమ అక్షరం. కొంచెంసేపు చూసింది. ఏమైనా చెప్తుందేమోనని ఆశపడ్డాను. ఫోనును మెల్లగా నా వైపు తోసి, పక్క మంచం పిల్ల ఏడుస్తున్నది, అన్నం తిన్నదో లేదో చూసి రమ్మంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, పక్క మంచం పిల్లను చూసొస్తానన్న వంకతో లేచి పోయాను. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు.

పదకొండో రోజు అయ్యాక చుట్టాలందరూ వెళ్లిపోయారు. అవ్వ ఎప్పుడో పోయింది, ఈ దుఃఖం చూడకుండా. అమ్మ గిన్నెలు తోముతోంది. బాపు మగ్గం అర్రలో గుంట అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. కళ్లు సరిగా కనిపించక ఆయన మగ్గం ఆపి రెండేళ్లయింది. నేను పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని, అత్త ఆ రోజు అంత ఎందుకు భయపడ్డది బాపూ, రెండుసార్లు రాసిన మనిషే కదా అన్నాను. ఏ రోజని ఆయన అడగలేదు. గుంటలోకి చూశాడు. ఇక ఏ ఎండ గురించో, ఏ కరెంటు గురించో మాట్లాడి లేచి పోతాడనుకున్నాను. కాని ఆయన లేవలేదు.

"భయం గాదు బిడ్డా" అన్నాడు. "చీర చెడిపినంక పరీక్షకు పోత అని దాని నోటితోని అది ఎట్లంటది? నన్ను అడిగింది. ఇప్పుడే వట్టిన, మొదటి మేకే అన్నది. అడిగినట్టె గదా."

నేను ఆయన వైపు తిరిగాను.

"పో అంటె పోతుండె. గది నాకెర్కే. పాసైతది గూడ అనుకున్న. పాసైతె ఆసు ఎవలు పోస్తరు? గందుకె అనలే."

చెప్పి అరచేత్తో మొహం రుద్దుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. నేను చూస్తూ కూర్చున్నాను. అత్త ఉండి ఉంటే వెంటనే పక్కన కూర్చుని, ఏం గాలే అన్నా, ఊకో అనేది. ఆ మాట ఆమె నిజంగానే అనేది. అట్లా అనడానికి నాకు నోరు రాలేదు.